మా బడిలో మధ్యాహ్నపు చీకటి

చీకటంటే నాకు ఇష్టమని చెబితే మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కరెంటు పోగానే టార్చిలైటు యాడ, అగ్గిపెట్టె యాడ అని వాళ్లు ఇల్లంతా తడుముకుంటూ తిరుగుతారు. నేను మాత్రం ఉన్నచోటే కూర్చుని చెవులు రిక్కిస్తాను, ఏదో ఒక మూల నుంచి ఒక చిన్నపిల్ల గొంతు ‘ఊ’ అంటుందేమోనని. అనదు. ఆ గొంతు విని ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో, ఎంతమంది బిడ్డల తల్లయిందో కూడా నాకు తెలియదు. అయినా మనసుకు చెబితే వింటుందా, దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.

కళ్యాణదుర్గంలో ఆటో ఎక్కి, రోడ్డు మీద దిగి, మట్టిదారిలో ఇంకొంత దూరం నడిస్తే వచ్చే ఊరు అది. నా మొదటి ఉద్యోగం అక్కడ. బడి అంటే ఒకే గది. పైన బండల మిద్దె, రెండు కిటికీలు, ఒక తలుపు, ముందు చిన్న వసారా. వసారాలో నాలుగు, ఐదు తరగతులతో పెద్దసారు కూర్చునేవాడు. రిటైరు కావడానికి దగ్గరపడినవాడు, ఎవరి మీదా కోపం రాదు ఆయనకు. లోపల చిన్న తరగతులన్నీ నావి. నాకేమో ముక్కు మీదే కోపం. మా అమ్మ అనేది, నీ కోపానికి రెక్కలుంటే ఈపాటికి యాడికి దాటి తాడిపత్రి చేరేదానివని. మాది యాడికి అనే ఊరు. కళ్యాణదుర్గంలో ఒక గది అద్దెకు తీసుకుని, వారమంతా ఒక్కదాన్నే వండుకుని, శనివారం మధ్యాహ్నం కాగానే సంచి భుజాన వేసుకుని బస్సుల మీద బస్సులు మారి అమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని. సోమవారం తెల్లవారుజామున తిరిగి బస్సు ఎక్కుతుంటే ఏడుపు వచ్చేది. ఉద్యోగం చేసే ఆడపిల్లవి, ఇదేం ఏడుపని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఆ ఏడాది శెనక్కాయ పంట మొత్తం ఎండిపోయింది. వాన చుక్క లేదు. చలికాలం మొదలయ్యేసరికి ఊళ్లో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా మూటలు కట్టుకుని బెంగుళూరు పోయారు, ఇళ్లు కట్టేచోట కూలిపనికి. ముసలివాళ్లు, పిల్లలు, మేకలు మిగిలాయి. సరిగ్గా అప్పుడే మాకు మండల కేంద్రంలో శిక్షణ పెట్టారు. పిల్లలకు అక్షరాలు, లెక్కలు చెబితే సరిపోదట. కోపం వస్తే ఏం చెయ్యాలి, ఏడుపు వస్తే ఎవరికి చెప్పుకోవాలి, పక్కవాడి బాధ ఎలా తెలుసుకోవాలి, ఇవన్నీ బడే నేర్పాలట. నేర్పడం కూడా కథలతోనే. కథ అయిపోయాక నీతి చెప్పొద్దు, ‘అప్పుడు వాడికి ఎట్లా అనిపించి ఉంటుంది?’ అని అడిగి ఊరుకోండి అన్నారు. శిక్షణ ఇచ్చినాయన గొంతు పోయేదాకా చెప్పాడు, మేం మిరపకాయ బజ్జీలు తింటూ విన్నాం. మిగతావాళ్ల సంగతేమో గానీ నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. చిన్నప్పటి నుంచి నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

తిరిగొచ్చిన రోజు పెద్దసారు కళ్లద్దాల పైనుంచి చూసి, “ఏమ్మా, ఏడ్చేది ఎట్లనో నేర్చుకోనొస్తివా? మా ఊరోళ్లకు అదొక్కటీ నేర్పే పని లేదులే,” అన్నాడు.

“మీరు నవ్వండి సార్. చూస్తా ఉండండి,” అన్నాను.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. మేకల్ని మేపే ఇళ్ల పిల్లలు కదా అని మేకపిల్ల కథ కట్టుకుని పోయాను. మందలోంచి వెనకబడిపోయిన ఒక మేకపిల్ల, గుట్ట అవతల ఒక్కటే నిలబడి అరుస్తోంది. ఇక్కడిదాకా వచ్చానో లేదో, రెండో తరగతి పిల్ల ఒకతి లేచింది. ఒక జడకు రిబ్బను, ఇంకో జడకు పాత చీర అంచు కట్టుకుని వచ్చేది. నన్ను అడగలేదు, పెట్టలేదు. నేరుగా బయటకి పోయి, మెట్టు మీద నా వైపు వీపు పెట్టి కూర్చుని, రెండు చెవుల్లో వేళ్లు దోపుకుంది. మిగతా పిల్లలు తలలు దించుకున్నారు. కథ ముగించి, మేకపిల్లకు ఎట్లా అనిపించి ఉంటుందని అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. “నోట్లో ఏం పెట్టుకున్నారు, బెల్లమా?” అని అరిచాను. అందరూ మెట్టు మీది పిల్ల వైపు చూశారు. బయట పెద్దసారు దగ్గడం వినిపించింది. అది దగ్గు కాదని నాకు తెలుసు, నవ్వు.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. దాంతోపాటు ఇంకొందరు కూడా రాలేదు. సాయంత్రం బడి వదలగానే నేరుగా ఆ పిల్ల ఇంటికి పోయాను. ఇంట్లో జేజి ఒక్కతే ఉంది, ఆ పిల్ల నాయనను కన్న తల్లి. గుమ్మం ముందు కూర్చుని చాటలో ఉలవలు ఏరుతోంది. పిల్ల నన్ను చూడగానే లోపలికి పోయి తలుపు చాటున నిలబడింది.

“పిల్లను బడికి పంపలేదేం?” అన్నాను.

“నువ్వు పగటిపూట కతలు చెప్తాండావంట గదమ్మా,” అంది జేజి, ఉలవల్లోంచి తల ఎత్తకుండా.

“అవును. చెబితే ఏం?”

“ఏముండాది. పగలు కత చెప్తే దావన పొయ్యేటోళ్లు దావ తప్పుతారు. మీ ఊర్లో చెప్పరా?”

చెప్పకేం, మా అమ్మ కూడా చెప్పేది. మధ్యాహ్నం పూట కథ కావాలని మేం కొంగు పట్టుకుంటే, పగలు కథ చెబితే మేనమామలు దారి తప్పుతారు, పోయి ఆడుకోండని తరిమేది. మమ్మల్ని వదిలించుకోవడానికి అట్లా అంటుందని మేమే నవ్వుకునేవాళ్లం. ఆ సంగతి నాకు పూర్తిగా మరుపైపోయింది. మా మేనమామలు మా వీధి చివరే ఉండేవాళ్లు, దారి తప్పడానికి వాళ్లకు దారంటూ ఉంటే కదా.

“దీని అమ్మా నాయనా బెంగుళూరుకు పోయినారు. వానలు పడితే ఇత్తనమేసేటప్పటికి వస్తారు. ఈ ఊర్లో సగం మంది దావ మీదనే ఉండారు. అంతవరకు కతలొద్దులే మేడమ్మా. లెక్కలు చెప్పు. లెక్కలకేం కాదు,” అంది జేజి.

నాకు ఒళ్లు మండింది. మండిందే గానీ ఏమని వాదించాలి? తలుపు చాటున ఉన్న పిల్లను పిలిచి, బెంగుళూరు బస్సుకు డ్రైవరు ఉంటాడు, దారి ఆయనకు బాగా తెలుసని చెప్పాను. పిల్ల, “బస్సు దిగినాక మాయమ్మ నడిచి రావాల గదా,” అంది. జేజి నవ్వి, ఒక చారెడు ఉలవలు నా కొంగులో పోసి పంపించింది.

వారం రోజులు బుద్ధిగా లెక్కలు చెప్పాను. కూడికలు, తీసివేతలు, మళ్లీ కూడికలు. పిల్లలందరూ తిరిగొచ్చారు. కానీ మధ్యాహ్నం కాగానే నా మొహం మాడిపోయేది, అది వాళ్లకు కనిపించేది. ఒకరోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి, “మేడం, రాత్రిపూట చెప్పు. రాత్రయితే ఏం కాదు,” అంది.

“రాత్రి దాకా ఉంటే నాకు ఆటో ఉండదే.”

ఆ పిల్ల కిటికీ వైపు, తలుపు వైపు, మళ్లీ కిటికీ వైపు చూసింది. “అట్లయితే ఈడే రాత్రి చేసుకుందాం,” అంది.

మర్నాడు పిల్లలు ఇళ్లనుంచి గోనెసంచులు తెచ్చారు. శెనక్కాయలు లేని ఏడు కదా, సంచులకేం కొదవ. కిటికీలకు సంచులు వేలాడదీశారు. తలుపు మూశారు. తలుపు చెక్కల మధ్య సందుల్లో పాత కాగితాలు కుక్కారు. ఆ పిల్ల గదంతా తిరిగి, ఎక్కడ వెలుతురు సూదిమొనంత కనిపించినా అక్కడ వేలు పెట్టి, ఈడ పగలుంది, ఈడ పగలుంది అని చూపించేది. పెద్దసారు ఈ తతంగమంతా చూసి ఇంక నా పైన ఆశ వదులుకున్నాడనుకున్నాను. ఆయన మాత్రం తన ఇంటి నుంచి ఒక సీమనూనె బుడ్డి తెచ్చి, “దీపం లేని రాత్రి ఏం రాత్రమ్మా,” అని నా బల్ల మీద పెట్టిపోయాడు. పిల్లలకు అందకుండా బల్ల వెనక గూట్లో పెట్టి, ముందు ఒక పలక అడ్డం పెట్టాను. నా చేతులు తప్ప ఎవరి మొహమూ కనిపించేది కాదు.

అప్పుడు మళ్లీ చెప్పాను, అదే మేకపిల్ల కథ. ఎదురుగా ఎవరో ఒకరు ఊ కొట్టాలి కదా, ఆ పిల్ల తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఊ కొట్టింది. తలుపు గడియ విరిగిపోయి చాలాకాలమైంది, అందుకని తలుపును వీపుతో అదిమిపట్టే పని తనే తీసుకుంది. మేకపిల్ల మందను చేరుకుంది. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అన్నాను. ఆ మాట వాళ్లకు కథ చివర అనే ఉత్త మాట కాదు. అది అన్నాకే తలుపు తెరవనిచ్చేవాళ్లు. కథ కంచి చేరితేనే దారిలో ఉన్నవాళ్లు ఇల్లు చేరతారని వాళ్ల లెక్క.

ఇంక శిక్షణలో చెప్పిన ప్రశ్న సంగతి. పగటి వెలుతురులో ఎంత అరిచినా రాని జవాబులు ఆ చీకట్లో వాటంతటవే వచ్చాయి. కొట్లాడుకున్న ఇద్దరు అన్నదమ్ముల కథ చెప్పి, అన్నకు ఎట్లా అనిపించి ఉంటుందని అడిగాను. ఒక మగపిల్లవాడి గొంతు అంది, “నేను సాకిన పొట్టేలిపిల్లను మా నాయన అమ్మేసినాడు. ఆ పొద్దు మా నాయన సచ్చిపోతే బాగుండు అనుకొన్యా.”

నేను ఏమీ అనకముందే ఇంకో మూల నుంచి ఇంకో గొంతు, “నేను గూడా అనుకొన్యా ఒకసారి,” అంది. మరికాసేపటికి మూడోది, “నేను మాయక్కను అనుకొన్యా.” మొదట మాట్లాడినవాడు ముక్కు ఎగబీల్చాడు. వాడి పక్కన ఉన్నవాడెవడో వాడికి దగ్గరగా జరిగిన చప్పుడు వినిపించింది. నేను నేర్పానని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. నేను చేసిందల్లా దీపం ముందు పలక పెట్టడమే.

నిజం చెప్పాలంటే, ఆ చీకటికి నేనే ఎక్కువ అలవాటుపడ్డాను. పొద్దున్నుంచీ ఎక్కాలు చెప్పిస్తూ, మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఒకసారి వాళ్లే నన్ను అడిగారు, నీకెట్లనిపిస్తాది మేడం అని. పగలైతే నోరు మూసుకోండి అనేదాన్ని. చీకట్లో నా నోరు కూడా జారింది. మా అమ్మ మీద బెంగగా ఉంటుంది, శనివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా ఎదురుచూస్తానని చెప్పేశాను.

తలుపు దగ్గర నుంచి ఆ పిల్ల గొంతు మెల్లగా వచ్చింది. “నీకు శనివారమన్నా ఉండాది.”

ఆ రోజు నేను కథ కంచికి పంపడానికి కొంచెం సేపు పట్టింది.

ఎండాకాలం సెలవులు వచ్చాయి, పోయాయి. నేను సెలవులు ఎప్పుడు అయిపోతాయా అని చూశానంటే మా అమ్మ ముక్కున వేలేసుకుంది. బడి తెరిచేసరికి ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి గానీ చినుకు లేదు. గాలి మాత్రం మొదలైంది. మా సీమలో ఆషాఢం గాలి అంటే తెలియనివాళ్లకు చెప్పినా తెలియదు. నెత్తిమీది నీళ్ల బిందెను కూడా పక్కకు తోస్తుంది. పిల్లలు ఉడుకు మీద ఉన్నారు. ఇవాళో రేపో వాన పడుతుంది, పడితే ఇత్తనానికి అందరూ వచ్చేస్తారు. “ఇంటికొచ్చే కత చెప్పు మేడం,” అని ఆ పిల్లే అడిగింది.

సంతకు పోయిన ఒక అమ్మ కథ అల్లాను. కూతురికి గాజులు కొనుక్కుని తిరిగొస్తోంది. దారిలో వంక. ఎప్పుడూ ఎండిపోయి ఉండే వంకలో ఎక్కడో పైన పడిన వానకు నీళ్లు వస్తున్నాయి. గాజుల మూట నెత్తిన పెట్టుకుని ఆమె వంకలో దిగింది. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. ఊ, అంది ఆ పిల్ల. నడుందాకా వచ్చాయి. ఊ. సరిగ్గా అప్పుడు గాలి వచ్చింది. తలుపు ఒక్క తోపుకు తెరుచుకుంది, పిల్ల బోర్లాపడింది. సంచులు ఎగిరిపోయాయి, దీపం ఆరిపోయింది. మట్టి కొట్టుకొచ్చి కళ్లలో పడింది. కళ్లు నులుముకుని చూసేసరికి గదినిండా పట్టపగలు.

ఎవరూ ఏడవలేదు. అరవలేదు. ఆ పిల్ల లేచి తలుపును రెండు చేతులతో తోసి మూయబోయింది, దాని వల్ల కాలేదు. నేను పోయి మూశాను. “మళ్లీ దీపం పెట్టుకుందాం, కథ పూర్తి చేద్దాం,” అన్నాను. వద్దు మేడం, పగలు చూసిన కత అది, అన్నారు పిల్లలు. కథ వంకలోనే ఉండిపోయింది. నేను పలకలు తీయించి ఎక్కాలు రాయించాను.

ఆ తర్వాత కొద్దిరోజులకు వాన పడింది. విత్తనానికి మంచి పదును. బెంగుళూరు నుంచి ఒక్కొక్క కుటుంబమే దిగింది. వచ్చినవాళ్లు ఇంటికి పోకుండా మూటలతో సహా బడి కిటికీ దగ్గర నిలబడి తమ పిల్లల్ని వెతుక్కునేవాళ్లు. ఏ పిల్లవాడికైనా కిటికీలో అమ్మ మొహం కనిపిస్తే వాణ్ణి నేను ఆపేదాన్ని కాదు. ఆ పిల్ల ప్రతిసారీ తల తిప్పి కిటికీ చూసి, మళ్లీ పలక మీదికి వంగేది. చివరికి దాని నాయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. బడి దగ్గరికి రాలేదు, సారాయి అంగడికి పోయాడు.

సాయంత్రం జేజి దగ్గరికి పోయాను. ఆమె ఈసారి ఏమీ ఏరడం లేదు, ఊరికే కూర్చుని ఉంది. పిల్ల నీళ్లకు పోయింది.

“కోడలు లేదులేమ్మా ఇంక,” అంది. “ఆడ పనికాడ ఎవునితోనో పోయిందంట. నా కొడుకు తాగి తాగి కొట్టినాడు. అది మాత్రం ఎన్నాళ్లని పడుంటాది. పోయింది.”

“పిల్లకు తెలుసా?”

“యాడ చెప్తాము. దావ తప్పింది, వస్తాదిలే అని అదే అంటాండాది. అననీ. నువ్వు చెప్పొద్దు. నా మీదొట్టు.”

మర్నాటికి నాకు అసలు సంగతి తెలిసింది. ఆ పిల్ల అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే చెబుతోంది. మాయమ్మ దావ తప్పింది, బడిలో కత జరుగుతాంటే నేనే వాకిలి తలుపు ఇడిసిపెట్టినా, నావల్లే. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లకు చెప్పింది, రేషన్ అంగడి దగ్గర చెప్పింది. మొదట్లో దాని అమ్మ గురించి నోటికొచ్చినట్టు మాట్లాడిన ముసలమ్మలు ఈ మాట విని నోరు మూసుకున్నారు. పాపం అని పిల్ల తల నిమిరారు. ఆ తర్వాత తిట్టడానికి నేనున్నానుగా. పగటిపూట కతలేంది, ఈ మేడమ్మకు బుద్ధి ఉండాల అని నేను ఆటో దిగుతుంటే నాకు వినబడేలాగే అన్నారు. ఒకామె పిల్లను కూడా వదల్లేదు, “వాకిలి పట్టుకోను చేతగాదా నీకు?” అంది. పిల్ల తల దించుకుని నిలబడింది.

నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఏడేళ్ల పిల్ల, కన్నతల్లిని తనే పోగొట్టుకున్నానని మోస్తూ పెరగాలా? నిజం చెబితే ఆ బరువు దిగుతుంది, కానీ అమ్మ నిన్ను వదిలేసి పోయిందని ఏ నోటితో చెప్పను? పెద్దసారును అడిగాను. “కొన్నిటికి శిక్షణ ఉండదమ్మా,” అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు.

చేతనైంది ఒక్కటే కనిపించింది, ఆ కథ పూర్తి చెయ్యడం. మళ్లీ సంచులు కట్టించాను. ఈసారి తలుపుకు పెద్ద బండరాయి అడ్డం పెట్టించి, ఆ పిల్లను నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. వంకలో ఉండిపోయిన ఆ అమ్మను ఒక చెట్టు కొమ్మ పట్టించి ఒడ్డుకు చేర్చాను. గాజుల్లో ఒక్కటి కూడా పగలలేదు. ఊరు కనిపించింది, ఇల్లు కనిపించింది, కూతురు ఎదురొచ్చింది. పిల్లలందరూ ఊ కొట్టారు. నా పక్కనున్నది మాత్రం కొట్టలేదు. కథ కంచికి, మనం ఇంటికి అని తలుపు తెరిచాను. అందరూ పోయారు. ఆ పిల్ల మిగిలి, సంచులు ఒక్కొక్కటే దులిపి మడత పెట్టసాగింది.

“చూసినావా, కథ కంచికి పోయింది. ఇంక నీ తప్పేం లేదు. నువ్వు అట్ల అనుకోవద్దు,” అన్నాను.

“మాయమ్మ దావ తప్పలేదు మేడం,” అంది సంచి మడుస్తూనే.

“ఎవురు చెప్పినారే?”

“ఎవురూ చెప్పలేదు. నాయన వచ్చినప్పుడు మూటలో అమ్మ చీరలు లేవు. ఒగటి గూడా లేదు. దావ తప్పేటోళ్లు చీరలన్నీ ఎత్తుకోని పోతారా?”

నేనడిగాను, “మరి నావల్లే, నావల్లే అని ఊరంతా ఎందుకు చెప్తాండావు?”

ఆ పిల్ల చేతిలోని సంచిని గుండెలకు అదుముకుంది. “ఆయమ్మోళ్లంతా మాయమ్మను తిడతాండ్రి మేడం. లంజ అంటాండ్రి. నావల్ల దావ తప్పిందంటే మాయమ్మను తిట్టరు గదా. నన్ను తిడితే తిట్టనీ.” ఆ సంచిని వదలకుండానే, “మాయమ్మ తిరిగొచ్చినప్పుడు అందరూ అట్లంటే మళ్లా పోతాది,” అంది.

అప్పుడు ఏడ్చింది. శిక్షణలో చెప్పినట్టు నీకెట్లా ఉందని నేను అడగలేదు. దగ్గరికి తీసుకున్నాను, అంతే. నేను కూడా ఏడ్చాను. దానికి నూనె లేని జుట్టు, మట్టి వాసన. పెద్దసారు వసారాలోంచి లోపలికి తొంగి చూసి, మళ్లీ తన కుర్చీలోకి పోయి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆటో నిండుగా ఉంది. పక్క ఊరి ఆమె ఒకతి, గడ్డి కొడవలి ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. “మీ బళ్లో సదివే పిల్ల, వాళ్లమ్మ బెంగుళూరులో ఎవునితోనో లేసిపోయిందంట గదా మేడం. నిజమేనా?” అంది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

“లేదు,” అన్నాను. “పగటిపూట నేనే కత చెప్పినా. నడిమధ్యలో వాకిలి తెరుచుకునింది. పాపం, ఆయమ్మ దావ తప్పింది.”

“సదువుకున్నదానివి, నువ్వు గూడా ఇట్లంటావేమమ్మా,” అని ఆమె నవ్వింది. మిగతావాళ్లు నవ్వలేదు.

“వస్తాది,” అన్నాను. ఆమె మళ్లీ అడగకపోయినా, ఇంకోసారి అన్నాను.